గార్డ్ నుంచి ఎయిర్‌ఫోర్స్‌కి మారాలంటే కాగితం వెంట మీరే పడాలి

అమెరికా ఆర్మీ నేషనల్ గార్డ్‌లో, అంటే నెలకో వారాంతం పనిచేసే పార్ట్‌టైమ్ సైన్యంలో, కాంట్రాక్టు ఇంకా మిగిలుంది, ఈలోపే ఎయిర్‌ఫోర్స్ యాక్టివ్ డ్యూటీకి, అంటే పూర్తికాలం ఉద్యోగానికి, వెళ్లనిస్తారా అని అడిగారు. వెళ్లనిస్తారు. నేను అలా వెళ్లినవాణ్నే. కాకపోతే మీకు అన్నీ సులువని చెబుతున్న ఎయిర్‌ఫోర్స్ రిక్రూటర్ (కొత్తవాళ్లని చేర్చుకునే ఉద్యోగి) చేతిలో పెద్దగా ఏమీ లేదు. అంతా డీడీ 368 అనే ఫారం మీద ఉంది. మిమ్మల్ని వదులుకోవడానికి గార్డ్ ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం అది. రిక్రూటర్ దాన్ని మొదలుపెడతాడు, మీ యూనిట్ మీదుగా అది రాష్ట్ర హెడ్‌క్వార్టర్స్‌కి చేరాలి. అక్కడ ఆమోదం పడేదాకా మీరు ఇంకెక్కడా చేరలేరు.

నా ఫారం యూనిట్ దాటలేదు. ఎప్పుడడిగినా "పైకి పంపాం" అనేవాళ్లు. వేసవిలో చేసే రెండు వారాల ట్రైనింగ్ కూడా అయిపోయింది. రిక్రూటర్ నా ఫోన్ ఎత్తడం తగ్గించాడు. ఒక డ్రిల్ (నెలవారీ శిక్షణ) శనివారం పొద్దున ఫార్మేషన్‌లో వరసగా నిలబడటం అవగానే ఆర్మరీలోని, అంటే మా యూనిట్ భవనంలోని, ఆఫీసు గదికి వెళ్లి, "పంపిన ఈమెయిల్ ఒకసారి చూపించండి సార్జెంట్, ఇక్కడే ఉంటాను" అన్నాను. ఆయన కంప్యూటర్లో కాసేపు వెతికాడు. తర్వాత సొరుగు లాగాడు. నా ఫారం అందులోనే ఉంది, ఒక్క సంతకం కూడా లేకుండా. గొడవ పడలేదు, కంపెనీ కమాండర్‌ని కలవాలని మాత్రం అడిగాను. మధ్యాహ్నం ఆయన కూర్చోబెట్టి ఎందుకు వెళ్లిపోతున్నావన్నారు. నెలలో ఒక్క వారాంతం యూనిఫాం వేసుకుని, మిగతా రోజులన్నీ గోడౌన్‌లో షిఫ్టులు చేయడం నాకు చాలడం లేదు, రోజూ ఇదే పని చేయాలనుందని చెప్పాను. నా ఎదుటే సంతకం పెట్టి పైకి పంపించారు. అడగకపోతే ఆ కాగితం ఇప్పటికీ ఆ సొరుగులోనే ఉండేది. మనిషి తగ్గితే యూనిట్‌కి నష్టం కాబట్టి తొందరపడాల్సిన అవసరం వాళ్లకి లేదు. మీ కాపీ మీరు ఉంచుకోండి, ఎవరికి ఏ రోజు ఇచ్చారో రాసుకోండి.

ఎదురుచూస్తున్నన్నాళ్లూ డ్రిల్ మాత్రం ఎగ్గొట్టకండి. ఏడాదిలో అనుమతి లేని గైర్హాజరీలు 9 అయితే మీ రికార్డు పాడవుతుంది. పూటకొకటి చొప్పున ఒక మామూలు డ్రిల్ వారాంతమే 4 కింద లెక్క. రెండు వారాంతాలు మానేస్తే 8, మూడోసారి ఒక్క పూట రాకపోయినా 9. ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా అని మానేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. అలాంటి రికార్డుతో వచ్చేవాణ్ని ఎయిర్‌ఫోర్స్ ఎందుకు తీసుకుంటుంది? పైగా ముందే సర్వీసు చేసినవాళ్లకి అక్కడ సీట్లు తక్కువ.

ఇంకోటి, ఇంట్లోవాళ్లు. ఖమ్మం నుంచి మా అమ్మ "సిటిజన్‌షిప్ వచ్చేసింది కదా నాన్నా, వారాంతంలో వెళ్లొస్తే చాలదా?" అంది. ఇక్కడి మన తెలుగువాళ్ల మాటా అదే. గ్రీన్‌కార్డుతో చేరినవాడు పౌరసత్వం కోసమే చేరాడని అందరూ ముందే తీర్మానించేస్తారు. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో వాళ్లకి తెలియదు. బురదలో నా పక్కన పాకినవాళ్లెవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. డబ్బు లెక్కే కావాలంటే మా అమ్మకి చెప్పిందే మీకూ చెబుతాను: చదువు ఖర్చులిచ్చే పోస్ట్ 9/11 జీఐ బిల్ పూర్తిగా రావాలంటే 36 నెలల యాక్టివ్ సర్వీసు కావాలి, వారాంతపు డ్రిల్స్ అందులోకి రావు.

మీ యూనిట్‌ని విధులకి బయటికి పంపే డిప్లాయ్‌మెంట్ ఆర్డర్లు వచ్చాక రిలీజ్ దొరకడం చాలా కష్టం. అడిగేదేదో ఈ నెల డ్రిల్‌లోనే అడిగేయండి.