తడిసిన అట్టలకు తరుగు లెక్కేసే అమ్మాయి

కడప నుంచి ఒక తండ్రి రాశారు. ఆయనకు పాత సామాన్ల అంగడి ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఇనుము, అట్టలు, ప్లాస్టిక్ సీసాలు, రాగి తీగలు కొని పెద్ద వ్యాపారులకు తోలుతున్నారు. కూతురు ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. కంప్యూటర్ సైన్సులో చేరమంటే, చెత్తను రీసైకిల్ చేసే పెద్ద కంపెనీకి సీఈఓ కావాలని ఉందంటోందట. ‘పిల్లలకు ఈ వాసన అంటకూడదనే ఇంత కష్టపడ్డాను. చదివి చదివి మళ్ళీ చెత్త దగ్గరికే వస్తుందా? అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఉంటే ఏం చదవాలి?’ అని అడిగారు. ఉత్తరం చివర చిన్న ఫిర్యాదు కూడా చేర్చారు. వానకు తడిసిన అట్టలను అమ్మాయి తూచి, ఆరబెట్టి, మళ్ళీ తూచి, మీరు తీసే తరుగు తప్పని ఆయనతోనే వాదించిందట.

అయ్యా, మీరు ఫిర్యాదుగా రాసిన ఆ మాట కోసమే ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. పర్యావరణం మీద ప్రేమతో ఈ రంగంలోకి వస్తామనే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. కాటా దగ్గర నిలబడి తేమ ఎంతో తేల్చుకున్న పిల్ల గురించి వినడం ఇదే మొదటిసారి.

ఉద్యోగం ఉందా అంటే, ఉంది. ఫ్రాన్సులో వెయోలియా అనే సంస్థ 1853లో నీటి సరఫరాతో మొదలై ఇప్పుడు నీరు, చెత్త, ఇంధనం మూడూ చూస్తుంది. 2022 జూలై నుంచి దానికి సీఈఓ ఎస్టెల్ బ్రాష్లియానోఫ్ అనే ఆవిడ. ఇంజనీరింగ్ చదివారు, 2005లో ఆ సంస్థలో చేరారు, బ్రిటన్‌లో దాని వ్యాపారాన్ని నడిపారు, పదిహేడేళ్ళకు ఆ కుర్చీలో కూర్చున్నారు. అమెరికాలో వేస్ట్ మేనేజ్‌మెంట్ కంపెనీకి 2016లో సీఈఓ అయిన జిమ్ ఫిష్ ఇంజనీరు కాదు, పద్దుల మనిషి. 2001లో చేరి, ఆర్థిక విభాగం నుంచి పైకి వచ్చారు. అంత దూరం వద్దనుకుంటే హైదరాబాదు చూడండి. 1994లో రాంకీ ఎన్విరోగా పుట్టి ఇప్పుడు రీ సస్టైనబిలిటీ అని పిలిపించుకుంటున్న సంస్థ అక్కడిదే. పాత ప్లాస్టిక్‌ను కొత్త సీసాలకు పనికొచ్చే గుళికలుగా మార్చే బన్యన్ నేషన్ కూడా అక్కడిదే. దాన్ని 2013లో స్థాపించినవారిలో ఒకరైన మణి వాజిపేయ్ అంతకుముందు అమెరికాలో ఫోన్ చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్‌లో ఇంజనీరు.

ఇక ఈ కంపెనీలు బతికేది దేనిమీద? ఇది తెలియకుండా ఏ కోర్సు పేరు చెప్పినా దండగే. మీరు చెత్తను డబ్బిచ్చి కొంటారు. పెద్ద కంపెనీ చాలాచోట్ల చెత్తను తీసుకోవడానికే డబ్బు పుచ్చుకుంటుంది. మున్సిపాలిటీ టన్నుకు ఇంత అని ఇస్తుంది. ఇక్కడే మీ అమ్మాయి తరుగు లెక్క పెద్దదవుతుంది. బరువుకే డబ్బంటే మట్టీ రాళ్ళూ కూడా బండెక్కుతాయి. వానాకాలంలో నీళ్ళకు కూడా బిల్లు పడుతుంది. అందుకే ఒప్పందంలో ‘టన్ను’ అన్న మాట పక్కన ఏం రాసి ఉందో చదవగలిగినవాళ్ళే ఈ వ్యాపారంలో నిలబడతారు. పైగా ఆ డబ్బు ఎప్పుడొస్తుందో, ఎవరి జేబులోంచి వస్తుందో స్థిరం కాదు. మన రాష్ట్రంలోనే 2021లో ఇళ్ళ నుంచి చెత్త రుసుము వసూలు మొదలైంది, ప్రభుత్వం మారాక 2024లో రద్దయింది. అది మంచా చెడా అన్నది వేరే చర్చ. బిల్లు ఆలస్యమైనా లారీకి డీజిల్ పోయించాలి, కార్మికులకు ఒకటో తారీఖున జీతమివ్వాలి. సీఈఓ సగం జీవితం ఈ మధ్యకాలాన్ని ఈదడంలోనే గడుస్తుంది.

రెండో రాబడి అమ్మకం. మన జిల్లాకు దీంట్లో ఒక అదృష్టం ఉంది, ఎవరూ దాన్ని అదృష్టమనుకోరు. ఎర్రగుంట్ల, చిలమకూరు, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కదా. వాటి కొలిమిలో ముడిసరుకు దాదాపు 1450 డిగ్రీల దాకా వేడెక్కాలి. రీసైకిల్‌కు పనికిరాని చిరిగిన కవర్లు, గుడ్డలు, చెడిన అట్టల్ని ముక్కలు చేసి ఆరబెడితే బొగ్గుకు తోడుగా మండించవచ్చు. దాన్ని ఆర్‌డీఎఫ్, అంటే చెత్త నుంచి తయారైన ఇంధనం, అంటారు. అలాంటి ఇంధనం తయారయ్యే చోటికి వంద కిలోమీటర్లలోపు ఉన్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాన్ని వాడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. అయితే ఫ్యాక్టరీ ఊరికే తీసుకోదు. తేమ ఎంత, వేడి ఎంత వస్తుంది, క్లోరిన్ ఎంత అని అడుగుతుంది. పీవీసీ పైపు ముక్కలు ఎక్కువ కలిస్తే క్లోరిన్ పెరిగి కొలిమిలో పెచ్చులు కడతాయి, ఉత్పత్తి ఆగుతుంది. చూశారా, మళ్ళీ తరుగే! ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం బూడిదను కూడా ఒకప్పుడు వదిలించుకోవలసిన పీడగానే చూశారు. ఇప్పుడు దానికోసం లారీలు క్యూ కడుతున్నాయి. బూడిదలో పోసిన పన్నీరు అనే సామెత మన వైపు ఇక చెల్లదేమో.

మూడోది కొత్తది, మీ తరానికి తెలియనిది. ప్లాస్టిక్ ప్యాకింగు, బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ వస్తువులు అమ్మే కంపెనీలు తాము అమ్మినదానికి తగ్గట్టు పాత సరుకు రీసైకిల్ అయ్యేలా చూడాలి. ప్లాస్టిక్‌కూ బ్యాటరీలకూ 2022లో వచ్చిన నిబంధనలు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనలు ఈ బాధ్యతను గట్టిగా బిగించాయి. నమోదైన రీసైక్లరు పని చేసి సర్టిఫికెట్ సృష్టిస్తాడు, ఆ కంపెనీలు దాన్ని కొంటాయి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో అయితే బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము ఎంత తీశారన్నదాన్ని బట్టి సర్టిఫికెట్. అంటే సరుకుతో పాటు కాగితానికీ ధర ఉంది, ఆ కాగితంలో మోసానికీ చోటుంది. ఈ రంగంలో నిజాయితీగల లెక్కలమనిషికి ఇప్పుడున్నంత గిరాకీ ఇంతకుముందు లేదు.

చదువు మాట. సీఈఓ కావడానికి కోర్సంటూ లేదు. ఇంజనీరింగ్ అయితే కెమికల్ నా మొదటి ఎంపిక, తర్వాత మెటలర్జీ, మెకానికల్. పేరులో పర్యావరణం ఉన్న బీటెక్ కోసం ప్రత్యేకంగా వెతకనక్కరలేదు. అది పీజీలో చదువుకోవచ్చు, పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2021 నుంచి దానికి విడిగా పేపరు కూడా ఉంది. అనంతపురం జేఎన్‌టీయూలో కెమికల్ ఉంది, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీలో మెటలర్జీ ఉంది. జేఈఈలో మంచి ర్యాంకు వస్తే తిరుపతి ఐఐటీలో కెమికల్. ర్యాంకు అంతగా రాకపోతే కుంగిపోవద్దు, విజయవాడలో ప్లాస్టిక్ చదువుల కేంద్ర సంస్థ సీపెట్‌లో ప్లాస్టిక్ టెక్నాలజీ డిప్లొమా చదివిన పిల్లలు యంత్రం దగ్గర నిలబడి పని చేయగలరు. ఎంబీఏ వెంటనే వద్దు. నాలుగైదేళ్ళు ప్లాంటులో షిఫ్టులు చేసి, ఒక వానాకాలం, ఒక అగ్నిప్రమాదం, ఒక సమ్మె చూశాక చేస్తే ఆ చదువు ఒంటబడుతుంది.

జీతం విషయంలో తీపి మాటలు చెప్పను. మొదటి ఐదారేళ్ళు సాఫ్ట్‌వేరులో చేరిన స్నేహితురాళ్ళ కన్నా తక్కువే ఉంటుంది. పండగకు అందరూ కలిసినప్పుడు ఆ తేడా గుచ్చుకుంటుంది. ఇరవై ఏళ్ళ ప్రయాణమని ముందే ఒప్పుకుని దిగాలి.

మీరు రాయని భయం కూడా ఒకటి ఉంది, నాకు అర్థమైంది. రేపు సంబంధాలు వచ్చినప్పుడు ‘చెత్త కంపెనీలో పని’ అని ఎలా చెప్పాలి? కెమికల్ ఇంజనీరని చెప్పండి, అది నిజమే. అది విని మొహం చిట్లించేవాళ్ళు మీ అంగడిని చూసీ చిట్లిస్తారు. అలాంటి ఇంటికి పిల్లనివ్వాలని మీకూ ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. మీ అంగడిలో రాగి కోసం తీగలు కాలుస్తున్నా, సీసం కోసం పాత బ్యాటరీలు పగలగొడుతున్నా ఈరోజే ఆపండి. సీసం ధూళి పిల్లల మెదడుకు విషం. తీగ మీది పీవీసీ కాలితే వచ్చే పొగ కూడా విషమే. బ్యాటరీలను పగలగొట్టకుండా నమోదైన రీసైక్లరుకు చేర్చే దారి చూడండి. ఆ వివరాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో దొరుకుతాయి, అమ్మాయిని వెతకమనండి.

ప్రవేశ పరీక్షలయ్యాక ఆమెకు రెండు నెలలు ఖాళీ ఉంటుంది. కోచింగ్ పేరుతో ఎక్కడికీ పంపకండి. అంగడి పద్దు పుస్తకం ఆమె చేతికివ్వండి. ఏ సరుకు ఎంతకు కొన్నారు, తరుగు ఎంత పోయింది, ఎన్ని రోజులకు డబ్బు చేతికొచ్చింది, ఈ మూడూ రోజూ రాయమనండి. మీరు పెద్ద వ్యాపారి దగ్గరికి లోడు తోలేటప్పుడు ఒకసారి వెంట తీసుకెళ్ళండి, అక్కడ మీ సరుకుకు ఆయన ఎంత తరుగు తీస్తాడో ఆమె కళ్ళారా చూడాలి. ఆ తర్వాత కూడా కెమికలే కావాలంటే అడ్డుపడకండి. వద్దనుకుంటే కంప్యూటర్ సైన్సు ఎక్కడికీ పోదు.

అన్నట్టు, ఆ అట్టల వాదనలో చివరికి ఎవరి లెక్క సరైందో మీరు రాయలేదు. మీరు రాయలేదంటేనే నాకు తెలిసిపోయింది.