ముందు లెక్క, తర్వాతే లోను: సత్యవతికి దొడ్డమ్మ ఉత్తరం

రావులపాలెం

చిరంజీవి సత్యవతికి దొడ్డమ్మ ఆశీస్సులు.

పొదుపు సంఘాల గ్రామ సమాఖ్యలో లెక్కలు రాసే పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. ఊళ్ళో సొంతంగా ఏదో ఒకటి చేసుకుని బతుకుతున్న ఆడవాళ్ళకి ఆసరాగా నిలబడాలనుకుంటున్నావట. చాలా సంతోషం తల్లీ. వాళ్ళు నిన్ను మొదట అడిగేది "లోను ఎప్పుడొస్తుంది?" అనే. వెంటనే తీర్మానం పుస్తకం తియ్యకు. ఆ మనిషి ఇంటికి వెళ్ళి, పక్కన చాప మీద కూర్చుని, ఆ సరుకు తయారు కావడానికి ఎంత పడుతోందో లెక్క కట్టు. నష్టానికి అమ్ముతున్న సరుక్కి లోను తెచ్చి పెడితే పెరిగేది నష్టమే.

పూతరేకులు చుట్టే ఇంటితో మొదలుపెట్టు. 10 డబ్బాలకి, అంటే 100 పూతరేకులకి వేద్దాం. వరస అర్థం కావడానికి నేను గుండ్రటి అంకెలు వేస్తున్నాను, నువ్వు ఈ వారం మీ ఊరి ధరలు వేసుకో. ఒక్కోదానికి రెండు చొప్పున 200 రేకులు, రేకు 2 రూపాయలైతే 400. నెయ్యి కిలో 700. పంచదార పొడి కిలోన్నర 75. యాలకులు 15 గ్రాములు 45. జీడిపప్పు అరకిలో 450. డబ్బాలు పదికి 150, లోపల వేసే కాగితం 30. మొత్తం 1,850. డబ్బాకి 185 పడిందనుకుని ఆవిడ కొట్టుకి 200కి వేస్తుంది. డబ్బాకి 15 మిగిలిందని సంతోషపడుతుంది.

ఇప్పుడు ఆ కాగితం మీద లేనివి రాయించు. అత్తా కోడళ్ళిద్దరూ కలిపి చుట్టడానికి, డబ్బాల్లో సర్దడానికి 5 గంటలు కూర్చున్నారు. గంటకి 60 వేస్తే 300. విరిగిన రేకులు ఒక 20, అంటే 40. ఆటోకి, ఫోన్‌కి 60. కలిపితే 2,250. డబ్బాకి 225 పడుతున్నదాన్ని 200కి అమ్ముతోందన్నమాట. ఎన్ని ఎక్కువ డబ్బాలు చేస్తే అంత ఎక్కువ పోతుంది. "ఇంట్లో పనే కదమ్మా, దానికి కూలేంటి" అంటుంది. ఆవిడకి వారం రోజులు జ్వరమొస్తే ఆ పనికి మనిషిని పెట్టాలి, ఆ మనిషి ఊరికే చెయ్యదు కదా. కాబట్టి కూలి వెయ్యాల్సిందే. ఈ ఒక్క విషయంలో నువ్వు మెత్తబడకు.

ధర ఎలా కట్టాలో కూడా చూపించు. కొట్టువాడు తన లాభం అమ్మే ధర మీద లెక్క వేసుకుంటాడు. డబ్బా మీద ఎమ్మార్పీ 330 వేసి, కొట్టుకి 20 శాతం ఇస్తే 66 పోయి ఆవిడకి 264 వస్తుంది. 225 ఖర్చు పోగా 39 మిగులుతుంది. ఇది వ్యాపారానికి మిగిలింది, కూలి విడిగా ముందే వచ్చేసింది. ఇంటికొచ్చి కొనేవాళ్ళకి కూడా 330కే ఇవ్వాలి. గుమ్మం దగ్గర 250కి ఇస్తోందని తెలిస్తే కొట్టువాడు మర్నాడే సరుకు తీసుకోవడం మానేస్తాడు. తెలిసినవాళ్ళకి తగ్గించాలనిపిస్తే ఒక పూతరేకు ఎక్కువ పెట్టమను, ధర మాత్రం కదపొద్దు.

లెక్క తేలాక డబ్బు ఎటు పోతోందో చూడాలి. గోడకి అంటించిన క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాదో అడుగు. చాలా ఇళ్ళల్లో అది భర్తదో కొడుకుదో అయ్యుంటుంది. సరుకు ఈవిడ చేస్తుంది, టింగుమనే మెసేజ్ ఆయన జేబులో మోగుతుంది. సాయంత్రానికి ఎంత వచ్చిందో ఈవిడకి తెలియదు. పైగా రేపు బ్యాంకులో మేనేజరుగారు ఖాతా చూస్తే ఆవిడ పేరు మీద వ్యాపారమే కనపడదు. ఆవిడ పేరుతో ఖాతా, ఆ ఖాతాకి ఆవిడ ఫోన్ నంబరు, ఆ నంబరు మీద క్యూఆర్, మాట్లాడే బాక్సు, ఈ వరసలో పెట్టించు. చిన్న వ్యాపారాలని ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఆవిడ ఆధార్‌తోనే చేయించు. ప్రభుత్వ పోర్టల్‌లో దానికి పైసా ఖర్చు లేదు, డబ్బులడిగే సైట్ల జోలికి పోవద్దు. ఇంట్లో మగవాళ్ళు కాస్త ముఖం మాడ్చుకుంటారు. అత్తగారి ఎదుట, అందరూ ఉండగా, నెమ్మదిగా మాట్లాడు. "బ్యాంకువాళ్ళు ఆవిడ ఖాతానే చూస్తారు బాబాయ్" అంటే పని జరుగుతుంది.

ప్రతి శనివారం ఆ ఖాతాలోంచి ఆవిడ తన కూలి తీసుకోవాలి, అది ఇంటి డబ్బు. మిగిలింది సరుకు డబ్బు. పిల్లల ఫీజుకి సరుకు డబ్బు వాడుకుంటే పుస్తకంలో 'ఇంటికి అప్పు' అని రాయించు. వాడుకోవద్దని చెప్పడం మన తరం కాదు, రాయడం మాత్రం తప్పకూడదు. నెలాఖరుకి ఆ అంకె చూసి ఆవిడే సర్దుకుంటుంది. రోజూ రాయలేకపోతే ఏడు రోజులు రాయించు చాలు. ఆ ఏడు రోజుల్లో చిల్లు ఎక్కడుందో కనపడిపోతుంది.

ఇక పెంచడం గురించి. ఎక్కువ చెయ్యాలంటే పని ఎక్కడ ఆగుతోందో ముందు పట్టుకోవాలి. పూతరేకుల్లో అది చుట్టే దగ్గర కాదు, రేకు తీసే దగ్గర. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పాలలా పల్చగా రుబ్బిన జయ బియ్యం పిండి, అందులో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగే గుడ్డ. చూడ్డానికి చిటికెలో పని, చెయ్యి కుదరడానికి నెలలు పడుతుంది. పిండి చిక్కబడితే రేకు మందమై చుట్టేటప్పుడు విరుగుతుంది, మరీ పల్చనైతే చిల్లులు పడుతుంది. పిండి అడుక్కి దిగిపోతూ ఉంటుంది కాబట్టి ముంచే ముందు కలుపుతూ ఉండాలి, లేకపోతే మొదటి రేకులు పల్చగా, చివరివి మందంగా వస్తాయి. ఒక కుండ దగ్గర రోజుకి ఎన్ని మంచి రేకులు వస్తున్నాయో మూడు రోజులు నువ్వే లెక్కపెట్టు. 400 అనుకో. పెళ్ళివారు 200 డబ్బాలు అడిగితే 4,000 రేకులు కావాలి, అంటే 10 రోజులు ఒక్క కుండ మీదే పని. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఇద్దరూ కలిసి చుట్టడానికి 7 రోజులు, రేకులకి 10 రోజులు పక్కనపెట్టి అప్పుడు "సరే" అనాలి. సగం అడ్వాన్సు చేతిలో పడనిదే నెయ్యి కొనకూడదు. రేకులు తీసే ఆవిడకి పొగ పోయే గొట్టం పెట్టించడం, ఆవిడ పక్కన ఒక పిల్లని నేర్చుకోవడానికి కూర్చోబెట్టడం, ఇవే నిజమైన పెట్టుబడులు. ముందు చుట్టేవాళ్ళని నలుగురిని పెట్టుకుంటే వాళ్ళు రేకుల కోసం ఖాళీగా కూర్చుంటారు.

మన తేమ గాలికి రేకు మెత్తబడుతుంది. వానాకాలంలో మూత గట్టిగా పట్టే డబ్బాల్లో పెట్టాలి, చుట్టేటప్పుడు మాత్రమే తడిగుడ్డ అలా తగిలించాలి. బెల్లం తేమ లాగుతుంది కాబట్టి బెల్లంవి పంచదారవాటికంటే ముందు అమ్ముడవాలి. ఎన్నాళ్ళు నిలవుంటాయని కొట్టువాడు అడిగితే నోటికొచ్చింది చెప్పొద్దు. ఒకే రోజు చేసినవి మూడు డబ్బాలు పక్కన పెట్టి 7వ రోజు, 14వ రోజు, 21వ రోజు విప్పి వాసన, రుచి, కరకర చూడాలి. ఏ డబ్బాలో తేడా వచ్చిందో దానికి ముందు డబ్బా రోజే డబ్బా మీద తేదీ. వానాకాలంలో ఈ పరీక్ష మళ్ళీ చెయ్యాలి. వేసవి తేదీ అప్పుడు పనికిరాదు.

కాగితాల సంగతి క్లుప్తంగా రాస్తాను. తినే వస్తువు ఏది అమ్మినా ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని 14 అంకెల నంబరు డబ్బా మీద పడాలి. చేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, ఎమ్మార్పీ, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలి, బ్యాచ్ నంబరు, ఏమేం వేశారో, పచ్చ చుక్క, ఫిర్యాదుకి ఫోన్ నంబరు కూడా. బరువు తూచి రాయాలి, అందాజుగా కాదు. మంచి ఎలక్ట్రానిక్ కాటా మొదటి కొనుగోలు అవ్వాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఆ ప్రాంతం సరుకే అని చెప్పే గుర్తింపు వచ్చింది. కానీ అధీకృత వినియోగదారుగా నమోదు కాకుండా ఆ గుర్తు డబ్బా మీద వెయ్యకూడదు.

హైదరాబాదు పార్సిళ్ళ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నిజమే. అయితే 2014 నుంచి హైదరాబాదు వేరే రాష్ట్రం. రాష్ట్రం దాటించి ఇలాంటి తినే సరుకు అమ్మితే ఎంత చిన్న మొత్తమైనా రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి మొదటి ఏడాది రాజమండ్రి, కాకినాడ, భీమవరం, విజయవాడ చాలు. నెలనెలా రాష్ట్రం బయటి ఆర్డర్లు గట్టిగా వస్తాయని తెలిశాకే ఆడిటరుగారి దగ్గరికి తీసుకెళ్ళు.

పచ్చళ్ళు పెట్టే సంఘం గొడవ వేరు. ఏప్రిల్, మే నెలల్లో కాయ, కారం, ఆవపిండి, నూనె, ఏడాది డబ్బంతా ఒక్కసారే పెట్టాలి. అమ్మకం చూస్తే ఏడాదంతా కొద్దికొద్దిగా. లోను వాయిదా మాత్రం వచ్చే నెలనుంచే మొదలు. అందుకే ఆవకాయకి ఉగాది నుంచే ఆర్డర్లు రాసుకుని సగం అడ్వాన్సు తీసుకోమను. మాగాయలో అంత డబ్బు ఇరుక్కోదు. ముక్కలు ఉప్పులో ఊరి ఎండితే నిలవుంటాయి, కారం, మెంతిపిండి, నూనె ఆర్డరు వచ్చినప్పుడు కలుపుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టే సంఘానికి మాగాయ వైపే మొగ్గమని చెప్తాను. బూజు పట్టిందంటే కాయ తుడిచి ఆరకముందే కోశారా, గరిటె తడిదా, పైన నూనె తేలి ఉందా, ఈ మూడూ చూడు.

నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ళు మీ సమాఖ్యలో ఉన్నారట. ఆ లేసుకి 2024లో జీఐ వచ్చింది. దారం ఏజెంటుదే, డిజైనూ ఏజెంటుదే అయితే ఆవిడ చేతిలో ఉన్నది గంటలే. ఒక ముక్కకి ఎన్ని గంటలు పట్టిందో పది ముక్కలకి రాయించి సగటు తీసి, గంటకి ఎంత పడుతోందో ఆవిడ ముందు పెట్టు. ముక్కల్ని కలిపే అతుకు పనికి పట్టే గంటలు విడిగా రాయించు, అక్కడే రేటు తక్కువ కడతారు. సొంతంగా దారం కొంటే ఒక సెట్టుకి మొత్తం ఒకే లాటు దారం తీసుకోవాలి. లాటు మారితే ఉతికాక తెలుపులో తేడా తెలిసిపోతుంది.

అరువు విషయంలో ఒకే కట్టుబాటు పెట్టించు. మొదటి లోడు డబ్బు అందాకే రెండో లోడు దింపాలి. కార్బన్ కాగితం ఉన్న బిల్లు పుస్తకం, కొట్టువాడి సంతకం, వెనక్కి వచ్చే సరుకు ఎన్ని రోజుల్లోపు తీసుకుంటామో, మూడూ ఉండాలి.

ఇప్పుడు లోను. డైలీ ఫైనాన్సువాడు 10,000 అని చెప్పి 9,000 చేతిలో పెట్టి రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టించుకుంటాడు. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తీరుతూ ఉంటుంది కాబట్టి సగటున ఆవిడ దగ్గర ఉన్నది 4,500. దాని మీద 100 రోజులకి 1,000 అంటే నెలకి ఆరున్నర రూపాయల పైన వడ్డీ. ఈ లెక్క పలక మీద వేసి చూపించు. సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోను, మహిళా సంఘాలకి అప్పిచ్చే స్త్రీనిధి, తాకట్టు లేకుండా 50,000 దాకా ఇచ్చే ముద్రా శిశు, ఇవి చూశాకే మిగతావి. చిన్న ఆహార పరిశ్రమలకి కేంద్రం పెట్టిన పిఎంఎఫ్ఎంఈ పథకంలో యంత్రాలకి 35 శాతం సబ్సిడీ పెట్టారు, 10 లక్షలకి మించకుండా. ఇప్పుడు కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కో. అయితే అది చేతికి రాదు. లోను ఖాతాకి జతగా పడి ఉండి, మూడేళ్ళు వాయిదాలు సక్రమంగా కట్టాకే జమవుతుంది. సబ్సిడీ వచ్చేసిందిలే అని మధ్యలో కట్టడం ఆపేస్తే అది పోతుంది.

ఆవిడ పేరు మీద తీసిన లోను రొయ్యల చెరువు మేతకి వెళ్ళిపోవడం మన డెల్టాలో మామూలైపోయింది. నాకు బాధ కలిగించేది ఇదే. చెరువు దెబ్బతింటే వాయిదా ఆవిడ మీద పడుతుంది, సంఘం మొత్తానికి చెడ్డపేరు. సాధ్యమైనంతవరకు యంత్రం డబ్బు అమ్మినవాడి ఖాతాకే నేరుగా పడేలా చేయించు, బిల్లు నకలు సమాఖ్యలో పెట్టు.

శ్రావణానికి ముందు మూడు ఇళ్ళ లెక్కలు తయారు చెయ్యి. ఒకటి పూతరేకులు, ఒకటి పచ్చళ్ళు, ఒకటి లేసు. పుస్తకాలు ఫోటో తీసి పంపకు, కాగితం మడతల్లో అంకెలు నాకు కనపడవు. ఆదివారం బస్సెక్కి వచ్చెయ్యి, ఆ ముగ్గురిలో ఒకరిని వెంటబెట్టుకు రా.

ఇట్లు,
నీ దొడ్డమ్మ