పళ్ల డాక్టరుకి గురకతో ఏం పని?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. సొంత కారు అద్దెకు తిప్పుతారు. గురక పెళ్లయినప్పటి నుంచీ ఉన్నదే గానీ ఈ రెండేళ్లలో బాగా ఎక్కువైంది. మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఊపిరి ఉందో లేదో అని నేను లేచి కూర్చుంటాను. కాసేపటికి ఉలిక్కిపడినట్టు గట్టిగా గాలి పీలుస్తారు. పోయిన నెల పన్ను విరిగి డాక్టరు దగ్గరికి వెళితే, ఆవిడ ‘మీరు గురక పెడతారా?’ అని అడిగారట. ఇంటికొచ్చి ఒకటే నవ్వు. ఇప్పుడేమో గురక ఆపే రబ్బరు గార్డు ఫోన్‌లో ఆర్డర్ పెడతానంటున్నారు. పెట్టమంటారా?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా, ఆపండి. ఆ డాక్టరమ్మ అడిగింది సరైన ప్రశ్న. నా దగ్గరికి వచ్చేవాళ్లూ ఇలాగే నవ్వుతారు.

నోరు తెరవగానే మాకు కొన్ని కనిపిస్తాయి. నిద్రలో కొరికి కొరికి అరిగిన పళ్లు, నాలుక అంచున జంతికకు పడ్డట్టు పంటి గాట్లు, చిన్న దవడలో ఇరుక్కున్న పెద్ద నాలుక. నాలుక బయట పెట్టమంటే కొందరికి కొండనాలుక అసలు కనపడదు. గుంటూరు జిల్లా నుంచి అమెరికా వెళ్లిన మత్తు డాక్టరు మల్లంపాటి శేషగిరిరావు గారు 1985లో దీన్నే తరగతులుగా విడదీశారు. ఆపరేషన్ ముందు గొంతులో గొట్టం వేయడం ఎంత కష్టమో అంచనా వేయడానికి అది. ఇప్పుడు గురక కేసుల్లోనూ మేం ‘మల్లంపాటి ఎంత?’ అనే అనుకుంటాం.

ఒక పని చేయించండి. మీవారిని వెల్లకిలా పడుకుని కావాలని గురక శబ్దం చేయమనండి. తర్వాత కింది పళ్లు పై పళ్లకంటే ముందుకు వచ్చేలా దవడ చాపి, మళ్లీ చేయమనండి. చాలామందికి శబ్దం రాదు, వచ్చినా చిన్నగా వస్తుంది. నాలుక మొదలు కింది దవడ ఎముకకే అతుక్కుని ఉంటుంది. దవడ ముందుకొస్తే నాలుకా వస్తుంది, వెనక గాలికి దారి దొరుకుతుంది. మేం చేసిచ్చే పరికరం పని అంతే. పైకొకటి, కిందికొకటి తొడుగులు. రాత్రంతా దవడను ముందుకు పట్టి ఉంచుతాయి.

మరి ఫోన్‌లో దొరికేది ఎందుకొద్దన్నానంటే, గురక తగ్గినంత మాత్రాన ఊపిరి ఆగడం తగ్గినట్టు కాదు. శబ్దం పోతే మీరు హాయిగా నిద్రపోతారు, ఆయనకి మాత్రం లోపల జరిగేది జరుగుతూనే ఉండొచ్చు. ఈ తప్పు నేనూ చేశాను. ప్రాక్టీసు కొత్తల్లో ఒక బ్యాంకు ఉద్యోగికి పళ్లు అరుగుతున్నాయని రాత్రి పళ్లకు తొడుక్కునే నైట్ గార్డు చేసిచ్చాను. ఆరు నెలలకి వాళ్లావిడ వచ్చి ‘పళ్ల చప్పుడు ఆగింది డాక్టర్‌గారూ, గురక పెరిగింది’ అంది. మామూలు నైట్ గార్డు కొందరిలో ఊపిరి ఆగడాన్ని పెంచొచ్చని నాకప్పటికి తెలియదు. నిద్ర ఎలా పడుతుందని ఒక్క మాట కూడా అడగలేదు మరి.

కాబట్టి ముందు ఊపిరితిత్తుల డాక్టరుకో, ఈఎన్‌టీకో చూపించి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష, చేయించండి. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకి ఎన్నిసార్లో అందులో తేలుతుంది. 5 లోపు మామూలే. 5 నుంచి 15 తక్కువ స్థాయి, 30 వరకు మధ్యస్థం, దాటితే తీవ్రం. తీవ్రమైతే ముందు సీప్యాప్ మెషీనే, అంటే మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపేది. తక్కువ, మధ్యస్థం అయితేనో, మాస్కు పెట్టుకోలేకపోతేనో మా పరికరం. పళ్లు గట్టిగా ఉండాలి, ఊగే పళ్లకు పనికిరాదు. అచ్చు తీసి చేశాక, దవడను వారాల తరబడి కొద్దికొద్దిగా, మిల్లీమీటర్ల లెక్కన ముందుకు జరుపుతాం. మొదట్లో చొంగ కారుతుంది, పొద్దున్నే దవడ నొప్పి, పళ్లు సరిగా కలవనట్టు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పళ్ల వరుస కాస్త కదలొచ్చు కూడా. అందుకే మధ్యమధ్యలో చూపించుకోవాలి. పరికరం పెట్టుకుని స్లీప్ స్టడీ మళ్లీ చేయించుకోవాలి, అది ఎగ్గొట్టనివ్వకండి.

బీపీ చూపించండి. పక్కకి తిరిగి పడుకోమనండి, మందు అలవాటుంటే మాన్పించండి. అన్నిటికంటే ముందు, స్టీరింగ్ దగ్గర కునుకు వస్తోందా అని అడగండి. వస్తోందంటే వైద్యం మొదలై అది తగ్గేదాకా కారు తీయొద్దు. ఇల్లు గడిచేది దానిమీదేనని తెలిసే చెబుతున్నాను.

ప్రశ్న: మా పాపకి 7 ఏళ్లు. నోరు తెరుచుకుని నిద్రపోతుంది, గురక కూడా. క్లిప్పులు వేయిస్తే పోతుందా?
– ఓ తండ్రి, తెనాలి

జవాబు: ముందు ఈఎన్‌టీ. ఈ వయసులో ఎక్కువగా టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు వాచే గురక వస్తుంది. అవి చూశాక కూడా పై అంగిలి ఇరుగ్గా ఉందంటే, దాన్ని మెల్లగా వెడల్పు చేసే పరికరం ఉంది. ఎముక ఇంకా లేతగా ఉంటుంది కనుక ఇప్పుడైతే తేలిక. పాప నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషం వీడియో తీసుకెళ్లండి. మీరెంత వివరంగా చెప్పినా డాక్టరుకి అదే ఎక్కువ ఉపయోగం.