తర్వాతి డిపో ఎక్కడ?

శ్రీకాకుళంలో అక్క ఇంటికి వచ్చి పది రోజులైంది. వచ్చిన మర్నాటి నుంచే బావగారి ప్రశ్నలు మొదలయ్యాయి. వాళ్ల అబ్బాయి, కోడలు ఆరు నెలల కిందట షికాగో చేరారు. అక్కడ ఎవరో వాడిన కరెంటు కారు కొనుక్కున్నారు. డిసెంబరులో అక్కా బావగారూ వాళ్ల దగ్గరకు వెళ్తున్నారు. అందరూ కలిసి కారులోనే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాలని అనుకున్నారు. దూరం 460 మైళ్లు. మన లెక్కలో చెప్పాలంటే శ్రీకాకుళం నుంచి హైదరాబాదు వెళ్లినంత.

"మంచులో, మధ్యదారిలో ఛార్జింగ్ అయిపోతే ఏం చేస్తారమ్మా?" అన్నది బావగారి దిగులు. ఆయనకు కరెంటు కారు కొత్తేమీ కాదు. రెండేళ్లుగా నెక్సాన్ నడుపుతున్నారు. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడతారు, పొద్దున తీస్తారు, విశాఖపట్నం వెళ్లి వస్తారు. ఇంటి ప్లగ్గుతో సరిపోయేంత దూరమే తిరిగేవారికి దారిలోని ఛార్జర్లతో పని ఉండదు. పని పడిన రోజున అన్నీ ఒకేసారి నేర్చుకోవలసి వస్తుంది. అబ్బాయికి ఫోనులో చెప్పినవన్నీ కొత్తగా వస్తున్న మన పిల్లలందరికీ పనికొస్తాయని ఇలా రాస్తున్నాను. నేను షికాగో పక్కన అరోరాలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. చివరి ఆరేళ్లుగా మా ఇంట్లో కరెంటు కారే.

ముందు లెక్క. అక్కడ అందరూ కిలోవాట్ అవర్ అంటారు. కంగారు పడకండి, అది మనింటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. కారు బ్యాటరీ 77 కిలోవాట్ అవర్లంటే 77 యూనిట్లు పడుతుందని అర్థం. ఛార్జరు మీద రాసి ఉండే 150, 350 కిలోవాట్లు వేరే సంగతి. అది నీళ్లు వచ్చే వేగం లాంటిది, యూనిట్లు బిందెలో చేరిన నీళ్లు. పది శాతం నుంచి ఎనభై శాతం దాకా నింపితే సుమారు 54 యూనిట్లు ఎక్కుతాయి. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి పది రోజులకు పైగా వచ్చే కరెంటు అది. పరిస్థితులన్నీ అనుకూలిస్తే, మంచి కారు దాన్ని ఇరవై నిమిషాల్లో మింగేస్తుంది.

అనుకూలించడం అంటే ఏమిటో తెలియాలి. 350 కిలోవాట్ల యంత్రం దగ్గర నిలబెట్టినంత మాత్రాన 350 రాదు. ఎంత తీసుకోవాలో నిర్ణయించేది కారు. పాత షెవర్లే బోల్ట్ ఎంత గొప్ప యంత్రానికి తగిలించినా 55 కిలోవాట్లు దాటదు. పైగా బ్యాటరీ నిండే కొద్దీ వేగం తగ్గుతుంది. శ్రీకాకుళం కాంప్లెక్సులో పలాస బస్సు ఖాళీగా వచ్చి ఆగినప్పుడు చూడండి. మొదటి ముప్పై మంది చకచకా ఎక్కి కూర్చుంటారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు సీటు వెతుక్కోవాలి, సంచి జరపమనాలి, పిల్లను ఒళ్లో పెట్టుకోమని బతిమాలాలి. చివరి పది మంది ఎక్కడానికి మొదటి ముప్పై మందికి పట్టిన సమయం కంటే ఎక్కువే పడుతుంది. బ్యాటరీ కూడా అంతే. ఎనభై నుంచి వంద దాకా నింపడానికి చాలా కార్లకు, పది నుంచి ఎనభై దాకా పట్టినంత సమయం పడుతుంది. అందుకే దూరప్రయాణంలో వంద దాకా ఆగకూడదు. ఎనభై దగ్గర తీసేసి బయలుదేరి, ఇంకోసారి ఆగడమే త్వరగా చేరే మార్గం. బయలుదేరే రోజున ఇంట్లో మాత్రం రాత్రంతా పెట్టి వంద చేసుకోండి.

ఇది తెలియక ముందు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. 2021 డిసెంబరులో అమ్మా నాన్నా మా దగ్గర ఉన్నారు. ఒహాయో దాకా వెళ్లి వస్తూ 12 శాతంతో ఒక పెద్ద దుకాణం పార్కింగులో ఉన్న ఛార్జర్ల దగ్గరకు చేరాం. ఉన్నవి నాలుగు యంత్రాలు. రెండింటి తెరలు నల్లగా ఉన్నాయి. మూడోది కార్డు తీసుకుంటుంది, తిప్పి కొడుతుంది. నాలుగోదానికి తగిలించిన కారు 91 శాతం దగ్గర ఉంది, లోపల మనిషి లేడు. బయట గాలి చెంపలు కోస్తోంది. అమ్మ వెనక సీట్లో శాలువా కప్పుకుని పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఒక్క మాట అనలేదు. నాన్న దిగి నాలుగు యంత్రాలకూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగి వచ్చి, "దీని తర్వాతి డిపో ఎక్కడ?" అని అడిగారు.

నాన్న టెక్కలి డిపోలో ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. తర్వాతి ఛార్జరు 38 మైళ్ల దూరంలో ఉంది. ఆ చలిలో నా దగ్గర మిగిలిన కరెంటు ఇరవై మైళ్లకు మించి రాదు. ఆ మాట ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. యాభై నిమిషాల తర్వాత నాలుగో కారు యజమాని సంచులతో వచ్చాడు. డెబ్బై దాటిన తల్లిదండ్రులను ఆ చలిలో కూర్చోబెట్టిన ఆ యాభై నిమిషాలు నాకు ఇప్పటికీ మనసులో ఉన్నాయి. ఆ రోజు నుంచి నా నియమం ఒక్కటే: ఒక ఛార్జరుకు బయలుదేరే ముందే, అది పనిచేయకపోతే దాని తర్వాతి దానికి చేరగల కరెంటు మిగులుతుందా అని చూసుకుంటాను. మిగలదంటే ముందే ఆగుతాను. నాలుగు యంత్రాలున్న చోటు కంటే పన్నెండు ఉన్న చోటుకే వెళ్తాను, పది మైళ్లు ఎక్కువైనా సరే. ప్లగ్‌షేర్ యాప్‌లో ఏ యంత్రం పనిచేసిందో, ఏది చేయలేదో నిన్నా మొన్నా వాడినవాళ్లు రాసి ఉంచుతారు. అది చదవకుండా నేను కదలను.

అక్కడి నుంచి ఇంటికి వచ్చే దారిలో నాన్న నా పక్క సీట్లో కూర్చున్నారు. ఆర్టీసీలో డ్రైవరు పనితనాన్ని కేఎంపీఎల్‌తో కొలుస్తారు, లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడని. "దీనికి కేఎంపీఎల్ ఎక్కడ చూపిస్తుంది?" అన్నారు. యూనిట్‌కు ఎన్ని మైళ్లు వస్తుందో చూపించే అంకె చూపించాను. గంటకు 75 మైళ్ల వేగంలో 2.1 ఉంది. "కాస్త తగ్గించు" అన్నారు. 65కు తెచ్చాక మెల్లగా 2.5 దాకా ఎక్కింది. గాలి ఎదురు తన్నే బలం వేగం కంటే జోరుగా పెరుగుతుంది కాబట్టి, అరుదుగా ఛార్జర్లున్న దారిలో పది మైళ్ల వేగం తగ్గించుకోవడమే చేతిలో ఉన్న అన్నిటికంటే మంచి ఉపాయం. అందాకా నేను మిగిలిన శాతాన్నే చూసేదాన్ని. ఇప్పుడు ఆ అంకెనే ఎక్కువగా చూస్తాను.

చలి గురించి బావగారి భయంలో నిజముంది. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ఐదు కరెంటు కార్లను పరీక్షించింది. 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో, అంటే మన లెక్కలో మైనస్ ఏడు దగ్గర, హీటరు వేసుకుని నడిపితే కారు వెళ్లగల దూరం సగటున 41 శాతం తగ్గింది. 2024 జనవరిలో షికాగోలో చలి బాగా ముదిరినప్పుడు ఛార్జర్ల దగ్గర కార్లు బారులు తీరి, కొన్ని అక్కడే చచ్చిపడ్డాయి. చల్లబడిన బ్యాటరీ కరెంటును వేగంగా తీసుకోలేదు. ఒక్కో కారూ ఎక్కువసేపు నిలబడితే వెనకవాళ్లు ఎదురుచూస్తూ హీటరుకే కరెంటు తగలబెట్టుకుంటారు.

దీనికి విరుగుడు ఉంది. చాలా కొత్త కార్లలో ఛార్జరును నావిగేషన్‌లో గమ్యంగా పెడితే, చేరే లోపు కారే బ్యాటరీని వెచ్చబరుస్తుంది. ఫోనులోని మ్యాపు చూసుకుంటూ వెళ్తే కారుకు ఆ సంగతి తెలియదు. దారి మీకు కంఠతా వచ్చినా సరే, గమ్యం కారు తెరలోనే పెట్టండి. ఒకే ఛార్జరు దగ్గర చలికాలంలో ఇరవై అయిదు నిమిషాలకు ముగించినవాడూ, గంట కూర్చున్నవాడూ పక్కపక్కనే కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. బయలుదేరే ముందు కారు ఇంటి ప్లగ్గుకు ఉండగానే లోపల వేడి చేసుకోండి. సీటు హీటరుకు చాలా తక్కువ కరెంటు పడుతుంది, పెద్దవాళ్లకు అదే హాయి.

ఇక వాడిన కారు కొనేవాళ్లకు. ధర చూసి మోజు పడకముందు ఛార్జింగ్ మూత తెరిచి చూడండి. పాత బోల్ట్ కార్లలో ఫాస్ట్ ఛార్జింగ్ సదుపాయం అదనంగా డబ్బు కట్టి కొన్నవాళ్లకే ఉండేది. గుండ్రటి సాకెట్టు కింద రెండు పెద్ద రంధ్రాలు (ఈ రెండూ కలిసినదాన్నే సీసీఎస్ సాకెట్టు అంటారు) లేకపోతే ఆ కారు ఊళ్లో తిరగడానికే. పాత నిస్సాన్ లీఫ్‌కు ఉండేది చాడెమో అనే వేరే రకం సాకెట్టు, అమెరికాలో అలాంటి ఛార్జర్లు రోజురోజుకూ తగ్గుతున్నాయి. పైగా దాని బ్యాటరీని చల్లబరిచే ద్రవ వ్యవస్థ లేదు, ఒకే రోజు రెండోసారి, మూడోసారి పెడితే బాగా నెమ్మదిస్తుంది. ఆఫీసుకు వెళ్లి రావడానికి మంచి కారే, పిట్స్‌బర్గ్‌కు మాత్రం వద్దు.

2022 నవంబరులో టెస్లా తన సాకెట్టు నమూనాను అందరికీ తెరిచింది. 2023 మేలో ఫోర్డు, జూన్‌లో జనరల్ మోటార్స్ దానికి మారతామని ప్రకటించాయి. తర్వాత మిగిలిన కంపెనీలూ చేరాయి. ఇప్పుడు చాలా కార్లు అడాప్టరుతో టెస్లా సూపర్‌ఛార్జర్లను వాడుకోవచ్చు. అయితే 150 కిలోవాట్ల పాత సూపర్‌ఛార్జర్లు వేరే కార్లకు పనిచేయవు, యాప్‌లో చూసుకుని వెళ్లాలి. హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 లాంటి 800 వోల్టుల కార్లు ఇప్పుడున్న చాలా టెస్లా ఛార్జర్ల దగ్గర కంటే 350 కిలోవాట్ల ఇతర ఛార్జర్ల దగ్గరే వేగంగా నిండుతాయి. అడాప్టరు కారు కంపెనీ ఒప్పుకున్నదే కొనండి. ఇంటి ఛార్జింగుకు పనికొచ్చే చిన్న అడాప్టర్లు చూడటానికి అలాగే ఉంటాయి, వాటిని ఫాస్ట్ ఛార్జరుకు వాడితే ప్రమాదం. పది డాలర్ల ఆశకు పోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. అమెరికా అడాప్టరు ఇక్కడికి తెచ్చినా బావగారి కారుకు పనికిరాదు. ఇండియాలోది సీసీఎస్2, అది వేరే ఆకారం.

యంత్రం దగ్గర మొదటిసారి నిలబడ్డప్పుడు చేతులు తడబడతాయి. యాప్‌లు ఇంట్లోనే వేసుకుని కార్డు వివరాలు నింపుకోండి. చలిలో, సరిగా అందని సిగ్నల్‌లో ఆ పని జరగదు. ఇండియా కార్డు మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఓటీపీ ఏ ఫోనుకు వస్తుందో అప్పుడు వెతుక్కోవాలి. కొత్తగా వచ్చినవారి క్రెడిట్ కార్డుకు పరిమితి తక్కువ ఉంటుంది, ఛార్జింగు కంపెనీలు ముందుగా కొంత మొత్తం పట్టి ఉంచుతాయి, అది చూసుకోండి. యంత్రం మీద అంటించిన క్యూఆర్ స్టిక్కరుతో డబ్బు కట్టకండి, మోసగాళ్లు దొంగ స్టిక్కర్లు అంటించిన సందర్భాలున్నాయి. యాప్ తెరిచి కట్టండి.

సీసీఎస్ తీగ బరువుగా ఉంటుంది, చలికి ఇంకా బిగుసుకుపోతుంది. ప్లగ్గు పెట్టి వదిలేస్తే ఆ బరువుకు కిందికి వంగుతుంది, లోపలి పిన్నులు సరిగా తగలవు, తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. అప్పుడు యంత్రాన్ని తిట్టుకోకముందు పిడి కింద అరచెయ్యి పెట్టి పైకి ఎత్తి పట్టుకోండి. 'టక్' మని తాళం పడ్డాక, లోపల కాంటాక్టర్లనే పెద్ద స్విచ్చులు కలిసిన చప్పుడు వచ్చి, తెర మీద కిలోవాట్ల అంకె కదిలేదాకా వదలకండి. నాకు విఫలమైనవాటిలో సగం ఇలాగే పనిచేశాయి. అప్పటికీ రాకపోతే పక్క యంత్రానికి మారండి. దాని మీద ఉన్న నంబరుకు ఫోను చేస్తే దూరం నుంచే ఆపి తిరిగి మొదలుపెడతారు. అంకె కదిలాక కూడా రెండు నిమిషాలు ఆగి చూడండి. 150 రావలసిన చోట 30 వస్తుంటే అక్కడే కూర్చుని సమయం పోగొట్టుకోవద్దు.

వరస దగ్గర మన పిల్లలు మొహమాటపడతారు. చాలా చోట్ల క్యూ గీతలు ఉండవు. కారు దిగి, ముందు వచ్చినవాళ్ల కిటికీ దగ్గరకు వెళ్లి "మీ తర్వాత నేను" అని నవ్వుతూ చెప్పండి. అక్కడ అది చొరవ కాదు, మర్యాద. మీ కారు తీసుకోలేనప్పుడు 350 యంత్రాన్ని ఆక్రమించకండి. ఎనభై దాటాక ఎవరైనా ఎదురుచూస్తుంటే తీసేయండి. నిండాక వదిలేసి వెళ్తే నిమిషానికి డాలరు దాకా జరిమానా పడే చోట్లున్నాయి. జరిమానా సంగతి అలా ఉంచి, ఆ రోజు మా అమ్మలాంటి మనిషి ఎవరో వెనక కారులో ఉండవచ్చు.

డబ్బు విషయం సూటిగా చెబుతాను. ఇంట్లో యూనిట్ 15 సెంట్ల చుట్టుపక్కల పడితే, దారిలో 50 సెంట్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే పడుతుంది. 50 సెంట్ల లెక్కన 54 యూనిట్లకు 27 డాలర్లు. అదే దూరానికి మామూలు పెట్రోలు కారుకు అంతకంటే తక్కువే కావచ్చు. కరెంటు కారులో మిగిలేది రోజూ ఇంట్లో పెట్టుకునేవారికి. అపార్టుమెంటులో ప్లగ్గు లేకుండా అన్నీ బయటే పెట్టుకోవలసినవారు కొనే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి.

నిన్న రాత్రి అక్క కొడుకుతో ఫోనులో పిట్స్‌బర్గ్ ప్రయాణం లెక్క వేశాం. వాడిది 77 యూనిట్ల బ్యాటరీ. వేసవిలో అయితే రెండు ఆగింపులు చాలు. డిసెంబరులో ప్రతిచోటా 20 శాతం మిగిలేలా చూసుకుంటే నాలుగు కావాలి. "నాలుగెందుకు పిన్నీ, యాప్ మూడే చూపిస్తోంది" అన్నాడు. ఆ మూడింటిలో ఒకటి పాడైతే ఏం చేస్తావో చెప్పమన్నాను. ఆలోచించి నాలుగుకు ఒప్పుకున్నాడు. ఇండియానా, ఒహాయో టోల్ రోడ్ల మీద సర్వీస్ ప్లాజాలున్నాయి, ఛార్జర్లు ఉన్నవాటినే ఎంచుకున్నాం. అక్కడ బాత్రూములు ఉంటాయి, వెలుతురు ఉంటుంది, అక్కకు మోకాళ్లు చాచుకుని నడవడానికి చోటుంటుంది. గుడి దగ్గర హోటలు కూడా రాత్రంతా నెమ్మదిగా పెట్టుకునే ఛార్జరు ఉన్నదే చూడమన్నాను.

ప్రతి ఆగింపుకూ ఎదురుగా, అది పనిచేయకపోతే వెళ్లవలసిన చోటును ఒక కాగితం మీద రాశాను. బావగారు ఆ కాగితం తీసుకుని, రెండో నిలువు వరుస పైన తన చేత్తో "తర్వాతి డిపో" అని శీర్షిక రాసి పాస్‌పోర్టు కవరులో పెట్టుకున్నారు.