సీఎంటీలో పొదుగువాపు ఉందని, ల్యాబ్‌లో ఏమీ లేదని వస్తే ఏది నమ్మాలి?

ప్రశ్న: మా ఆవు ఈని మూడు నెలలైంది. పొదుగులో వాపు, గట్టిదనం లేవు. పాలు చూడ్డానికి బాగానే ఉన్నాయి కానీ దిగుబడి తగ్గింది. డాక్టర్ గారు సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్, పాలలో ద్రావణం కలిపి పొదుగువాపును పట్టే పరీక్ష) చేసి, కుడివైపు వెనక చన్నులో పైకి కనిపించని పొదుగువాపు ఉందన్నారు. పాలు ల్యాబ్‌కు పంపితే 'సూక్ష్మజీవులు పెరగలేదు' అని రిపోర్టు వచ్చింది. ఏది నమ్మాలి? యాంటీబయాటిక్ వేయించాలా?
– ఒక పాడి రైతు

జవాబు: రెండూ నమ్మొచ్చు. ఆ రెండు పరీక్షలు కొలిచేవి వేర్వేరు సంగతులు.

సీఎంటీ ద్రావణంలో డిటర్జెంట్ ఉంటుంది. అది పాలలోని కణాల పొరను చీల్చేస్తుంది. లోపలి డీఎన్‌ఏ బయటికొచ్చి పాలు జిగురులా సాగుతాయి. చన్నులో ఇన్ఫెక్షన్ ఉంటే తెల్ల రక్తకణాలు పాలలోకి ఎక్కువగా చేరతాయి కాబట్టి, జిగురు ఎంత చిక్కగా ఉంటే కణాలు అన్ని ఎక్కువని అర్థం. ఆరోగ్యంగా ఉన్న చన్నులో మిల్లీలీటరుకు సాధారణంగా లక్ష లోపే ఉంటాయి. 2 లక్షలు దాటితే అనుమానించాలి. ఈనిన కొత్తలో, వట్టిపోయే ముందు ఇవి మామూలుగానే పెరుగుతాయి. మీ ఆవు మూడు నెలల పాడిలో ఉంది కనుక ఆ సందేహం అక్కర్లేదు. అంటే ఆ చన్ను దేనితోనో పోరాడుతోంది. దేనితో అన్నది మాత్రం సీఎంటీ చెప్పలేదు.

అది చెప్పాల్సింది ల్యాబ్‌లో చేసే కల్చర్ పరీక్ష, అంటే పాలలోని క్రిములను పెంచి చూడటం. ఇందులో సాధారణంగా 0.01 మిల్లీలీటరు పాలను బ్లడ్ అగార్ (క్రిములు పెరగడానికి రక్తం కలిపి చేసిన జెల్లీ లాంటి పదార్థం) మీద పూసి, 37 డిగ్రీల వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచుతారు. అంత చిన్న బొట్టులో ఒక్క క్రిమి కూడా పడకపోతే ఏమీ పెరగదు. స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఒకరోజు పాలలో కనిపించి, మరోరోజు కనిపించదు. మైకోప్లాస్మా అనే మరో రకం బ్యాక్టీరియా అయితే మామూలు అగార్ మీద పెరగనే పెరగదు. ఒక్కోసారి ఆవు శరీరమే క్రిమిని చంపేస్తుంది, కణాలు మాత్రం మరికొన్నాళ్లు ఎక్కువగానే ఉంటాయి.

మీ ఉత్తరంలో రెండు విషయాలు లేవు. పాలు తీసేముందు యాంటీబయాటిక్ ఏదైనా వేశారా? నాలుగు చన్నుల పాలూ ఒకే సీసాలో కలిపి పంపారా? ఈ రెండింట్లో ఏది జరిగినా ఆ రిపోర్టును పక్కన పెట్టేయండి.

నా సలహా, ఇప్పుడే యాంటీబయాటిక్ వద్దు. మూడు నాలుగు రోజుల తేడాతో మరో రెండుసార్లు ఆ ఒక్క చన్ను పాలే పంపండి. పాలు తీసే తీరులోనే సగం ఫలితం ఉంటుంది, కాస్త ఓపిగ్గా చేయండి. చేతులు కడుక్కుని, చన్ను కడిగి పొడిగా తుడవండి. మొదటి మూడు నాలుగు ధారలు వేరే గిన్నెలోకి పిండేయండి. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో తడిపిన దూదితో చన్ను కొసను బాగా రుద్దండి. దూది మీద మురికి కనిపిస్తే కొత్త దూదితో మళ్లీ రుద్ది, ఆరనివ్వండి. ల్యాబ్ వాళ్లిచ్చిన స్టెరైల్ సీసాను ఏటవాలుగా పట్టుకుని 3 నుంచి 5 మిల్లీలీటర్లు పట్టండి. నిటారుగా పడితే పొదుగు మీది దుమ్ము, వెంట్రుకలు అందులో రాలతాయి. మూత లోపలి భాగాన్ని వేలితో తాకకండి. సీసా మీద ఆవు గుర్తు, ఏ చన్ను, ఏ తేదీ అన్నవి రాసి, ఐస్‌లో పెట్టి 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి.

ఈసారి క్రిమి దొరికితే, ఏ మందు దాని మీద పనిచేస్తుందో కూడా పరీక్షించమని అడగండి. అది చూసి డాక్టర్ గారు మందు నిర్ణయిస్తారు. మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత ఆయన చెప్పిన గడువు దాకా పాలు అమ్మకూడదు, ఇంట్లోనూ తాగకూడదు. రెండుసార్లూ ఏమీ పెరగకపోతే మైకోప్లాస్మా పరీక్ష అవసరమా అని ఆయన్నే అడగండి.

అప్పటిదాకా ఆ చన్నును చివర పిండండి, పిండాక చన్నులన్నింటినీ క్రిమిసంహారక ద్రావణంలో ముంచండి. రెండు మూడు వారాల తర్వాత సీఎంటీ మళ్లీ చేయించండి. మధ్యలో పాలు విరిగినట్టు కనిపించినా, పొదుగు వేడెక్కినా, ఆవు మేత మానేసినా రిపోర్టు కోసం ఆగకుండా ఆ రోజే డాక్టర్ గారిని పిలిపించండి.