తుపాకీ పట్టిన చేత్తో పాఠం చెప్పవచ్చా?

ప్రశ్న: హవల్దారుగా రిటైరయ్యాను. దూరవిద్యలో డిగ్రీ ఉంది. ఎం.ఏ. తెలుగు చేసి లెక్చరర్ కావాలని ఆశ. ఊళ్లో నవ్వుతున్నారు. ఈ వయసులో సాధ్యమేనా?
– ఒక మాజీ సైనికుడు, ఆమదాలవలస

జవాబు: నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. మీకు గై స్టెర్న్ సంగతి చెప్పాలి. 1922లో జర్మనీలో యూదుల ఇంట పుట్టి, 1937లో ఒంటరిగా అమెరికా చేరారు. జర్మనీలోనే ఉండిపోయిన తల్లిదండ్రులను, తోబుట్టువులను నాజీలు పొట్టన పెట్టుకున్నారు. ఈయన రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి, ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో దిగి, పట్టుబడ్డ జర్మన్ సైనికులను వాళ్ల భాషలోనే విచారించారు. నోరు విప్పనివాడి ముందు రష్యన్ అధికారి వేషం కట్టి, పక్కన స్టాలిన్ ఫొటో పెట్టుకుని, ‘నిన్ను రష్యాకు పంపేస్తా’ అని హడలగొట్టేవారు. సురభి వాళ్లు చూసి ఉంటే శభాష్ అనేవారు!

యుద్ధం ముగిశాక కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. బోధించింది ఏమిటనుకున్నారు? జర్మన్ సాహిత్యం! నా మటుకు నాకు నార్మండీ కంటే ఇదే పెద్ద సాహసం. 2023లో, 101 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇక మీ సంగతి. ముందు మీ డిగ్రీకి యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాయండి. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం మీకు దగ్గరే, ఒకసారి వెళ్లి కనుక్కోండి. ఎం.ఏ.లో జనరల్ అభ్యర్థులకు 55 శాతం మార్కులుంటే అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాయవచ్చు. అందులో వయోపరిమితి పరిశోధనకిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కే గానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు లేదు. ఛందస్సు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి, అది పరేడ్ కంటే మొండిది.