గాలి లైనుకి పీవీసీ పైపు వేయకురా బుజ్జీ

ఒరేయ్ బుజ్జీ,

నువ్వు రావులపాలెం రోడ్డు మీద షెడ్డు అద్దెకి తీసుకున్నావని, ట్రాక్టర్లు లారీల వర్క్‌షాప్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సగం సంతోషం, సగం ఏడుపు. నాకు మాత్రం పొంగిపోయినట్టయ్యిందిరా, మన వైపు కుర్రాళ్ళందరూ కువైట్ అనో హైదరాబాద్ అనో బేగ్ సర్దుకుంటుంటే నువ్వు స్పానర్ పట్టుకుని ఇక్కడే ఉంటానన్నావు చూడు. మీ తాతయ్య ఉంటే ఊరంతా తిరిగి చెప్పుకునేవాడు.

సరే, తర్వాత నువ్వు పంపిన ఫొటోలు చూసేను. కంప్రెషర్ బానే ఉంది, ఐదు హెచ్‌పీ నీకు చాలు. కానీ గోడకి ఆనించిన ఆ బూడిద రంగు పైపులేంట్రా? నీళ్ళ లైనుకా అనడిగితే "కాదు మావయ్యా, గాలి లైనుకే, చెరువు దగ్గర మిగిలినవి ఫ్రీగా వచ్చేయి, పైగా పైపు మీద పది కేజీల ప్రెషర్ అని రాసుంది, నా కంప్రెషర్ ఎనిమిదే కదా" అన్నావు. లెక్క బానే చెప్పేవు. ఆ లెక్క గురించే ఈ ఉత్తరం, ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావని టైపు చేసి పంపుతున్నాను, మొత్తం చదువు.

ఆ పైపు మీద రాసిన పది కేజీలు, అంటే చదరపు సెంటీమీటరుకి పది కేజీల ఒత్తిడి, నీళ్ళకి. అదీ 27 డిగ్రీల దగ్గర. మన పీవీసీ పైపుల ఐఎస్ 4985 ఉంది చూసేవా, అది మంచినీళ్ళ పైపుల కోసం పెట్టిన స్టాండర్డు. మే నెలలో మన రేకుల షెడ్డు కింద 27 డిగ్రీలు ఎక్కడుంటుందిరా, పైగా కంప్రెషర్ హెడ్‌లోంచి వచ్చే గాలి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. వేడెక్కేకొద్దీ పీవీసీ బలం తగ్గిపోతుంది, పది అని రాసున్నది అరవై డిగ్రీల్లో అందులో నాలుగో వంతు కూడా మొయ్యదు.

అది ఒక సంగతి. అసలు సంగతి గాలికీ నీళ్ళకీ ఉన్న తేడా. నీళ్ళు నొక్కితే నలగవు, అందుకని నీళ్ళ పైపు పగిలిన మరుక్షణం ప్రెషర్ పడిపోతుంది, నేల తడుస్తుంది, నువ్వు మోటార్ కట్టేసి తిట్టుకుంటావు, అంతే. గాలి అలా కాదు, నొక్కి పట్టిన స్ప్రింగులాగా కూర్చునుంటుంది. ఎనిమిది కేజీల దగ్గరున్న గాలి బయటికొస్తే తొమ్మిదింతల చోటు కావాలి దానికి, ఆ చోటు క్షణంలో లాక్కుంటుంది, పైపు ముక్కల్ని కూడా తీసుకునే పోతుంది. ఇనప పైపుకి చిల్లు పడితే బుస్సుమంటుంది, నువ్వు వింటావు, వాల్వు కడతావు. పీవీసీ చిల్లు పడదు, పగులుతుంది. ముందు ఏమీ చెప్పదు.

ఇప్పుడు నేను చూసింది చెప్తాను. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

నీకు గుర్తుండదు, నువ్వింకా పుట్టలేదు. తొంభైల్లో మన దగ్గర వరి చేలన్నీ తవ్వేసి రొయ్యల చెరువులు వేసేరు, డబ్బులు ఎలా వచ్చేయో అలాగే 94, 95ల్లో తెల్లమచ్చ జబ్బొచ్చి పోయేయి. చెరువులు ఎండిపోయేయి గానీ పైపులు మిగిలిపోయేయి, ఎక్కడ చూసినా పీవీసీ పైపులే, గట్ల మీద, కొబ్బరి తోటల్లో, పశువుల పాకల్లో. నేను అప్పుడు తణుకు దగ్గర ఒక లారీ షెడ్డులో పనిచేసేవాణ్ణి. ఓనరు మంచోడు, జీతం ఒకటో తారీకుకే ఇచ్చేవాడు, మధ్యాహ్నం అందరికీ ఆయనింట్లోనే భోజనం. షెడ్డు వెనక్కి పెంచినప్పుడు గాలి లైను కూడా పెంచాల్సొచ్చింది, జీఐ పైపుకి, అదే జింక్ పూత వేసిన ఇనప పైపుకి, ఖర్చెందుకని వాళ్ళ బావమరిది చెరువు దగ్గర పడున్న పీవీసీ పైపులు ట్రాక్టర్ మీద తెప్పించి, సొల్యూషన్ పెట్టి ఒక్క పూటలో అతికించేసేడు. పైపు చివర మరలు కోసే థ్రెడ్డింగ్ లేదు, వెల్డింగ్ లేదు, లీకు లేదు. అందరూ మెచ్చుకున్నారు, పక్క షెడ్డువాళ్ళు వచ్చి చూసి వెళ్ళి వాళ్ళూ వేసుకున్నారు.

ఏడాదికి పైనే పనిచేసిందిరా అది. ఒక్క ఇబ్బంది లేకుండా. ఇది బాగా గుర్తుపెట్టుకో, ఎందుకంటే నీకు ఎవడో ఒకడు తప్పకుండా చెప్తాడు "మా షెడ్డులో ఐదేళ్ళ నించి పీవీసీయే, ఏమీ అవలేదు" అని. అబద్ధం చెప్పడు వాడు. నిజంగానే అవలేదు, ఇంకా.

రోహిణి కార్తె ఎండల్లో ఒక మధ్యాహ్నం, అందరం భోజనం చేసి అప్పుడే వచ్చేం. ఎవడూ లైను మీద చెయ్యి వేయలేదు, ఏదీ తగల్లేదు, కంప్రెషర్ కటాఫ్ అయ్యి ఆగి కూడా ఉంది. పని బల్లకి పైన, లైను మలుపు తిరిగే ఎల్బో ముక్క దగ్గర పగిలింది. ఆ చప్పుడికి లారీ టైరు పేలిందనుకుని మేమందరం లారీ వైపే పరిగెత్తేం. టైర్లన్నీ బానే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే పెయింటింగ్ కుర్రాడు బల్ల కింద కూర్చునున్నాడు, చొక్కా ఎర్రగా. పైపు ముక్కలు రేకులో దిగేయి, గోడ మీద కేలెండర్‌లో దిగేయి, వాడి భుజంలో దిగేయి, దవడ మీద ఒకటి, కనుబొమ్మ మీద ఒకటి. కనుబొమ్మ మీద అంటున్నాను వింటున్నావా. గోరంత కిందకి ఉంటే వాడి కన్ను పోయేది. పద్దెనిమిదేళ్ళు వాడికి.

ఆస్పత్రికి తీసుకెళ్తే పైకి కనపడిన ముక్కలు తీసేరు, ఎక్స్‌రే కూడా తీసి ఇంకేం లేదన్నారు. ప్లాస్టిక్ ముక్క ఇనప ముక్కలాగా ఎక్స్‌రేలో తెల్లగా కనపడదు కదా. నెల తిరక్కుండా భుజం వాచి చీము పట్టింది, మళ్ళీ కోస్తే లోపల ఇంకో ముక్క. ఖర్చంతా ఓనరే పెట్టుకున్నాడు, మర్నాడే ఆ లైనంతా పీకించి జీఐ వేయించేడు, చాలా రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పక్క షెడ్డువాళ్ళు మాత్రం తీయలేదు. "మాది కొత్త పైపు" అన్నారు.

అమెరికాలో పనివాళ్ళ భద్రత చూసే ఓషా అని సర్కారీ సంస్థ ఒకటుంది, వాళ్ళు 1988లోనే హెచ్చరిక రాసేరంట, బయటికి కనపడేలా వేసే గాలి లైన్లకి పీవీసీ వాడొద్దు, పగిలితే ముక్కలు ఎగురుతాయి అని. మా చిన్నోడు ఈ మధ్య ఫోన్లో చూపించేడు. మా తణుకు దాకా రావడానికి దానికి దారి దొరకలేదు.

సీపీవీసీ, అదే వేడినీళ్ళకి వాడే రకం పీవీసీ, వేస్తానంటావేమో, అదీ వద్దు, అదీ అలాగే పగిలేదే, పైగా కొన్ని రకాల కంప్రెషర్ ఆయిల్ తగిలితే లోపల్నించి చిట్లిపోతుంది. పీవీసీ నేలలో పాతేస్తానంటే, మన నేలలో రెండడుగులు తవ్వితే నీళ్ళే, లైనులో చేరిన నీరు ఎక్కణ్ణించి వదులుతావు?

మరేం వేయాలి అంటే జీఐ వేయి. ఐఎస్ 1239 అని ముద్ర చూసుకో, నీలం పట్టీ ఉన్నది బి క్లాస్, ఎర్రది సి క్లాస్, రెంట్లో ఏదైనా పర్లేదు, పసుపు పట్టీ ఎ క్లాస్ మాత్రం వద్దు, గోడ పలచన. మెయిన్ లైను అంగుళం, కిందికి దిగేవి అరంగుళం. జీఐని వెల్డింగ్ చేయకు, జింక్ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, థ్రెడ్డింగ్ చేసి టేపు చుట్టు. అల్యూమినియం పైపులు గాలికోసమే చేసినవి వస్తున్నాయి ఇప్పుడు, తుప్పు ఉండదు, బిగించడం తేలిక, డబ్బులుంటే అవే మేలు, నీ దగ్గర లేవని తెలుసు. రాగి కూడా మంచిదే, రాత్రికి దొంగలు పట్టుకుపోతారు. ప్లాస్టిక్కే కావాలంటే గాలికి అని కంపెనీ పైపు మీదే రాసిచ్చింది తప్ప ఇంకేదీ ముట్టుకోకు, షాపువాడి నోటిమాట లెక్కలోకి రాదు.

కంప్రెషర్‌కీ లైనుకీ మధ్య గట్టి పైపు పెట్టకు, అది వణికి వణికి కీలు విరిచేస్తుంది, మంచి ప్రెషర్ హోస్ ముక్క పెట్టు.

ఇంక నీరు. మన గోదారి గాలిలో ఎంత తేమ ఉంటుందో తెలుసు కదా, ఆ తేమంతా నొక్కేసరికి నీళ్ళవుతుంది, వానాకాలం రోజంతా తిరిగిందంటే లీటర్ల లెక్కన చేరుతుంది. అందుకని లైను కంప్రెషర్ నించి అవతలికి వాలుగా ఉండాలి, పదడుగులకి అంగుళం పైన. పాయింట్లు తీసేటప్పుడు మెయిన్ లైను అడుగు నించి తీయకు, పైనుంచి తీసి వంచి కిందికి దించు, లేకపోతే నీళ్ళన్నీ నట్లు విప్పే నీ ఇంపాక్ట్ గన్‌లోకే. ప్రతి దింపుడు చివరా వాల్వు పెట్టి సాయంత్రం వదులు. టేంక్ అడుగున డ్రెయిన్ కూడా రోజూ, బద్ధకించకు, లోపల నీరు నిలిస్తే టేంక్ పలచబడేది నీకు బయటికి కనపడదు. సేఫ్టీ వాల్వు కారుతోందని బోల్టు బిగించి మూసేసే మహానుభావులున్నారు మన ఊళ్ళల్లో, అలాంటోణ్ణి షెడ్డులోకి రానివ్వకు.

లైను పూర్తయ్యేక గాలితో టెస్ట్ చేయకు. ముందు నీళ్ళు నింపి చేతి పంపుతో పన్నెండు కేజీలకి ఎక్కించి కాసేపు ఉంచు, కారితే కారుతుంది, ఎవడి కన్నూ పోదు. ఆ తర్వాత నీళ్ళు వదిలేసి గాలి ఎక్కించి సబ్బు నీళ్ళు రాసి చూసుకో.

కుర్రాళ్ళు ఎయిర్ గన్‌తో ఒంటి మీద దుమ్ము కొట్టుకుంటారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పెట్టుకుని నవ్వుతారు. మొదటి రోజే చెప్పు, రెండోసారి చేస్తే ఇంటికి పంపేయ్. కళ్ళజోళ్ళు కొని పెట్టు, నువ్వు కూడా పెట్టుకో, మీ అత్త నవ్వుతుంది గానీ నేనిప్పటికీ ఇంట్లో మేకు కొట్టినా కళ్ళజోడు వెతుక్కుంటాను.

కోప్పడుతున్నానని అనుకోకు. ఖర్చుకి భయపడి పీవీసీ అనుకున్నావని నాకు తెలుసు, మీ అమ్మనడగలేవు, నన్నడగడానికి మొహమాటం. జీఐ పైపు డబ్బులు నేనిస్తాను, అప్పే అనుకో, మొదటి కోతల సీజన్ అయ్యేక ఇద్దువుగాని. మరలు కోసే డై సెట్టు, చేతి టెస్ట్ పంపు నా దగ్గరే ఉన్నాయి. గోడల కొలతలు, ఎక్కడెక్కడ పాయింట్లు కావాలో కాగితం మీద గీసి ఫొటో పంపు, ఆదివారం వచ్చేస్తాను, అప్పటిదాకా ఆ కంప్రెషర్‌కి ఏ లైనూ కలపకు.

ఆ బూడిద పైపులు పారేయకు. వాటర్ సర్వీసింగ్ పెడతానన్నావుగా, టేంక్‌లోకి నీళ్ళు ఎక్కించడానికి పనికొస్తాయి.

మీ మావయ్య